రంజాన్ నెల వక్తలం

మమ్మల్ని ఏడాదికి ఒక్కసారి పిలుస్తారు. నెలవంక కోసం ఎదురుచూసేది మేమొక్కళ్లమే అనుకుంటారు గానీ, మా ఊరి సేవా క్లబ్బు కూడా చూస్తుంది. రంజాన్ ఎప్పుడు పడిందో క్యాలెండర్లో చూసుకుని మాలో ఎవరో ఒకరికి కబురు పెడుతుంది. "ఈ గురువారం మీటింగుకి గెస్ట్ స్పీకర్ మీరే భాయ్. టాపిక్ మీకు తెలిసిందే." తెలిసిందే. 'ఇస్లాం - శాంతి', లేదంటే 'రంజాన్ విశిష్టత', లేదంటే 'మత సామరస్యం'. ముప్పై ఏళ్లు దాటింది, నాలుగో టాపిక్ పుట్టలేదు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గదా, మా ఉపన్యాసమూ దాంతోపాటే జరుగుతుంది. చలికాలంలో కప్పిన శాలువా పనికొస్తుంది. ఎండాకాలంలో కప్పింది చెమటకి తడుస్తుంది. 2030లో జనవరిలో ఒక రంజాన్, డిసెంబర్లో ఇంకో రంజాన్ మొదలవుతాయట. ఆ ఏడు మాకు రెండు శాలువాలు.

మేం అంటే ఎవరమో చెప్పాలి. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఒకదాన్నొకటి ఆనుకున్న చోట ఉన్న చిన్న పట్నం మాది. మాలో ఒకరు హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఒకరు మోటార్లు రీవైండింగ్ చేసే మెకానిక్కు. ఒకరు దర్జీ. ఒకరు నాదస్వరం వాయిస్తారు, పెళ్లిళ్లలోనూ గుళ్లలోనూ. ఒకామె ఏఎన్‌ఎమ్, ఊరంతా సిస్టరమ్మ అంటుంది. ఒకరు దూదేకుల ఇంట పుట్టి పరుపుల కొట్టు పెట్టుకున్నవారు. షేకులం, పఠాన్‌లం, దూదేకులం. మసీదులో ఒకే వరసలో నిలబడతాం. పెళ్లి సంబంధాల దగ్గరికొచ్చేసరికి ఆ వరస చెదిరిపోతుంది. దాని గురించి మాలో మేం గట్టిగానే పోట్లాడుకుంటాం, అది ఇంకో వ్యాసం. ఇది మాత్రం అందరం కలిసి చెప్తున్నాం, ఎందుకంటే ఆ క్లబ్బు మైకు ముందు మా అందరికీ అప్పజెప్పేది ఒకే పని.

క్లబ్బు పేరు రాయం. చిన్న ఊళ్లలో ఇవన్నీ ఇంచుమించు ఒకే తీరున నడుస్తాయి. ముందు గంట కొడతారు. ప్రార్థన. పోయిన మీటింగు మినిట్స్. పుట్టినరోజులు, పెళ్లిరోజులు. ఆలస్యంగా వచ్చినాయనకి జరిమానా, నవ్వులు. ఆ తర్వాత వక్త పరిచయం, ప్రసంగం, ప్రశ్నలు, శాలువా, మెమెంటో, వందన సమర్పణ, జనగణమన, టిఫిను. వారానికో మీటింగంటే ఏడాదికి యాభైమంది వక్తలు కావాలి. చిన్న ఊళ్లో యాభైమందిని పోగెయ్యడం ఎంత కష్టమో ఆ సెక్రటరీనే అడగాలి. ఫిబ్రవరిలో బడ్జెట్ మీద ఆడిటర్ గారు. ఎండలు ముదిరితే వడదెబ్బ మీద డాక్టరు గారు. తొలకరికి విత్తనాల మీద వ్యవసాయాధికారి. పొదుపు మీద బ్యాంకు మేనేజరు, ట్రాఫిక్ మీద సీఐ. ఎవరూ దొరక్కపోతే వ్యక్తిత్వ వికాసం, దానికి మనిషి ఎప్పుడూ దొరుకుతాడు. వెటకారానికి రాయడం లేదు. ఆ హాల్లో కూచుని మంచి మాటలు విన్నాం. గుండెపోటు వచ్చిన మనిషిని మొదటి గంటలోనే ఆస్పత్రికి ఎందుకు చేర్చాలో గుంటూరు నుంచి వచ్చిన డాక్టరు బొమ్మ గీసి చెప్పిన సాయంత్రం మాకింకా గుర్తుంది. ఆయన్ని ఎవరూ "మీ హిందువులు" అని మొదలుపెట్టి ప్రశ్న అడగలేదు. ఆయన గుండె గురించి మాట్లాడాడు, అందరూ గుండె గురించే అడిగారు.

ఈ క్లబ్బులు ఎట్లా పుట్టాయో ఒకసారి చూడండి. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హారిస్ అనే లాయరు ముగ్గురు స్నేహితుల్ని కలుపుకుని రోటరీ మొదలుపెట్టాడు. ఆ ముగ్గురిలో ఒకాయన బొగ్గు వ్యాపారి, ఒకాయన గనుల ఇంజనీరు. మూడో ఆయన హైరమ్ షోరీ, దర్జీ పనివాడు. హారిస్ చిన్న ఊళ్లో పెరిగినవాడు. మహానగరంలో ఒంటరితనం భరించలేక, ఊళ్లో ఉండే పలకరింపు కోసం ఈ పని చేశాడు. ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా కూచునేవాళ్లు, అందుకే ఆ పేరు. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకోవాలన్నది మొదటి రోజుల నియమం. నీ మతమేదని కాదు, నీ పనేదని అడిగేవాళ్లన్నమాట. ఆ నియమం తర్వాత సడలింది. వారం వారం కలవాలన్న నిబంధన కూడా 2016లో సడలించి, నెలకు రెండు మీటింగులు చాలన్నారు.

ఆ నలుగురిలో దర్జీ ఉన్నాడన్న సంగతి మాస్టారు ఎక్కడో చదివి చెప్పినప్పుడు మా దర్జీ మిషను ఆపి నవ్వాడు. మా ఊరి క్లబ్బు నీలం కోట్లు ఇరవై ఏళ్లుగా కుడుతున్నది ఆయనే. ఎవరి భుజం ఎంత వాలిందో, ఎవరి పొట్ట ఏ సంవత్సరం ఎన్ని అంగుళాలు పెరిగిందో ఆయన నోటుబుక్కులో ఉంది. ఆ కోట్లు వేసుకున్నవాళ్ల ముందు ఆయన రెండుసార్లు మాట్లాడాడు. రెండుసార్లూ జకాత్ గురించే.

డాక్టరుకి డాక్టరు, మిల్లుకి మిల్లు, లాయరుకి లాయరు. మా దగ్గరికొచ్చేసరికి లెక్కల మాస్టారైనా, మెకానిక్కైనా, నాదస్వరమైనా, సిస్టరమ్మైనా ఒకటే ఖానా. ముస్లిం. అదే మా వృత్తి అయినట్టు, పొద్దున లేచి షాపు తెరిచి సాయంత్రం దాకా మేం చేసే పని అదే అయినట్టు.

మొదటి పిలుపు 1993లో వచ్చింది. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలగొట్టాక ఊళ్లో అందరూ అందరినీ అనుమానంగా చూసుకుంటున్న రోజులవి. ఆ పిలుపుని మేం తక్కువ చెయ్యం. ఆ రోజుల్లో పిలిచి, కుర్చీ వేసి, సలాం చెప్పిన మనుషులకి గుండె ఉంది. మాస్టారు వెళ్లాడు. కలిసి బతకడం గురించి, పీర్ల పండగకి నిప్పుల గుండం తొక్కే హిందువుల గురించి చెప్పాడు. చప్పట్లు కొట్టారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు కూడా. మరుసటి ఏడు మళ్లీ పిలిచి అదే చెప్పమన్నారు. ఆ మరుసటి ఏడూ అదే. గాయం మీద పెట్టిన కట్టు ఉత్సవానికి కట్టే తోరణమైపోయింది.

2013లో జరిగింది చెప్పాలి. జులైలో రంజాన్. మీటింగు ఆరున్నరకి. ఉపవాసం గురించి మాట్లాడాల్సిన మాస్టారు ఆ రోజు ఉపవాసం ఉన్నాడు. సూర్యుడు మునగడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది, జేబులో కాగితం పొట్లంలో మూడు ఖర్జూరాలున్నాయి. ముందు అధ్యక్షుల వారి తొలిపలుకులు. తర్వాత జిల్లా నుంచి వచ్చిన పెద్దాయన సందేశం. ఆ తర్వాత వక్తని పరిచయం చేసే సభ్యుడు ఉపవాసం ఎంత గొప్పదో, కడుపు మాడ్చుకోవడం ఎంత క్రమశిక్షణో చెప్తూ పోయాడు. మసీదు మైకులోంచి మగ్‌రిబ్ అజాన్ వినపడింది. పరిచయం ఆగలేదు. హాల్లో ఒకాయన లేచి అజాన్ చప్పుడు అడ్డొస్తుందని కిటికీ మూశాడు, పాపం మర్యాదకే మూశాడు. వేదిక మీద పొట్లం విప్పితే బాగుండదని మాస్టారు ఆగాడు. చివరికి మైకు చేతికొచ్చాక, "మీరు అనుమతిస్తే" అని ఒక ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. దానికీ చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. టిఫిన్ల దగ్గర "హలీం ఎప్పుడు పెట్టిస్తారు మాస్టారూ?" అని అడిగారు. మా ఇళ్లలో హలీం ఎవరూ వండరు. అది హైదరాబాద్ వంట, మా పట్నానికి ఈ మధ్యే బండ్ల మీదకి వచ్చింది. మా మసీదులో ఇఫ్తార్‌కి పోసేది గంజి. గంజి గురించి ఎవరూ అడగరు, అది మరీ మీ వంటలాగే ఉంటుంది గనక.

ఇక ప్రశ్నలు. 1932లో హెర్బర్ట్ టేలర్ అనే వ్యాపారి నాలుగు ప్రశ్నలు రాసుకున్నాడు. తర్వాత రోటరీ వాటిని తన సూత్రంగా తీసుకుంది. చాలా ఊళ్లలో కూడలి దగ్గర బోర్డు మీద కనపడతాయి. మనం అనే మాట, చేసే పని నిజమా, సంబంధించిన అందరికీ న్యాయమా, స్నేహం పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అని. మంచి ప్రశ్నలు. మాకూ నాలుగే వస్తాయి, ముప్పై ఏళ్లుగా అవే. మీలో నాలుగు పెళ్లిళ్లు ఎందుకు? మీరు ఫ్యామిలీ ప్లానింగ్ ఎందుకు చేయించుకోరు? క్రికెట్లో పాకిస్తాన్ గెలిస్తే మీవాళ్లు టపాసులు ఎందుకు కాలుస్తారు? ఎక్కడ బాంబు పేలినా మీరెందుకు ఖండించరు?

మాలో ఎవరికీ రెండో భార్య లేదు. సిస్టరమ్మ ఆ హాల్లో ఉన్న కుటుంబాలతో సహా ఊళ్లో సగంమందికి ఆపరేషన్ క్యాంపులు చూసిన మనిషి. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. శుక్రవారం నమాజుకి వెళ్లినవాళ్లు చచ్చిపోయారు. ఆ వారం మమ్మల్ని రంజాన్ కాకపోయినా ప్రత్యేకంగా పిలిచారు. సంతాపం చెప్పడానికి కాదు. ఖండించమనడానికి. మా నమాజులో మావాళ్లు చస్తే మేమే ఖండించాలి. ఖండించాం. తర్వాత ఆ కేసు పేరున ముస్లిం కుర్రాళ్లని పట్టుకెళ్లారు, చివరికి కోర్టులు వదిలేశాయి. కోర్టు వదిలేసిన వారం మమ్మల్ని ఎవరూ పిలవలేదు.

అతిథి వక్త మాట పనికిరానిదని మేం అనం. 1925 జూన్ 30న అమెరికాలో ఓహైయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో జరిగిన లయన్స్ మహాసభకి హెలెన్ కెల్లర్ అతిథిగా వెళ్లింది. చూపు లేని మనిషి, వినికిడి లేని మనిషి. అంధుల పక్షాన నిలబడమని వాళ్లని అడిగింది. ఆ ఒక్క ప్రసంగంతో ఆ సంస్థ పనికి దారి మారిపోయింది. ఇవాళ మన ఊళ్లలో కంటి శిబిరాలు పెడుతున్నారంటే, ముసలివాళ్లని వ్యానులో తీసుకెళ్లి శుక్లాలు తీయించి దింపుతున్నారంటే, దాని వెనక ఆ రోజు ఉంది. మా నానీలు, దాదీలు కూడా ఆ వ్యాను ఎక్కినవాళ్లే.

కానీ ఆవిడ కథలో ఇంకో ముక్క ఉంది. హెలెన్ కెల్లర్ సోషలిస్టు. కార్మికుల గురించి, ఆడవాళ్ల ఓటు గురించి రాసింది. అంతకుముందు ఆవిడ తెలివిని ఆకాశానికెత్తిన ఒక పత్రికా సంపాదకుడే, ఆవిడ సోషలిస్టు అయిందని తెలిశాక, ఆవిడ పొరపాట్లకి ఆవిడ వైకల్యమే కారణమన్నట్టు రాశాడు. 1912లో ఆవిడ దానికి గట్టిగా జవాబు రాసింది. గుడ్డితనం గురించి మాట్లాడితే దేవత, ఫ్యాక్టరీ గురించి మాట్లాడితే పాపం గుడ్డిది. మాస్టారు ఇది చదివి వినిపించినప్పుడు మేం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మా నాదస్వర విద్వాంసుణ్ణి పిలిచినప్పుడు ఆయనకిచ్చిన టాపిక్, ముస్లిం అయ్యుండి గుళ్లో ఎలా వాయిస్తారు అన్నది. ఆ హాల్లో సగంమంది పెళ్లిళ్లకి ఆయనే వాయించాడు. మా వైపు ఇది వింత కాదు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ శ్రీరంగంలో స్థిరపడి 1977లో పద్మశ్రీ అందుకున్నారు. గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కి 2022లో, ఆయన పోయాక, పద్మశ్రీ ఇచ్చారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకి 2020లో వచ్చింది. బుర్రకథ నాజర్‌కి 1986లో. వీళ్లందరి గురించీ "ముస్లిం అయ్యుండి" అనే ముందుమాట లేకుండా ఒక్క వాక్యం రాయరు. మా విద్వాంసుడు ఆ రోజు నోటికి పెట్టుకునే సీవాళి గురించి చెప్దామని వెళ్లాడు. కావేరి ఒడ్డున పెరిగే కొరుక్కై రెల్లుతో చేస్తారు దాన్ని. ఎండకి ఒక తీరుగా, ముసురుకి ఒక తీరుగా పలుకుతుంది. అందుకే నాదస్వరానికి నాలుగైదు సీవాళీలు దారంతో వేలాడుతుంటాయి. కచేరీ మధ్యలో ఒకటి మొండికేస్తే ఇంకోటి తొడుక్కోవాలి. ఐదు నిమిషాలు చెప్పాడో లేదో, అధ్యక్షుడు వాచీ చూసుకుని, "అసలు విషయానికి రండి" అన్నాడు. ఆయన నలభై ఏళ్ల ఊపిరి అసలు విషయం కాకుండా పోయింది.

పరుపుల కొట్టాయన్ని ఒక్కసారే పిలిచారు. తెల్ల లుంగీ, మెడలో తువ్వాలు, నోట చక్కటి పల్నాటి తెలుగు. ఇంట్లో ఉర్దూ రాదు. "మీరు ముస్లింలాగా లేరే!" అన్నారు. రెండోసారి నుంచి గడ్డం ఉన్నవాళ్లని చూసుకున్నారు. ఆ ఒక్కసారీ ఒకాయన లేచి, "మీ మతంలో కులాలు లేవు గదా, అది నాకు చాలా ఇష్టం" అన్నాడు. దూదేకుల వాళ్లు బీసీ-బిలో ఉన్నారనీ, 2007లో బీసీ-ఇ పేరున నాలుగు శాతం ఇచ్చినప్పుడు ఆ జాబితాలో అత్తరు సాయిబులు, ఫకీర్లు, హజ్జాములు, తురక కాశలు, కురేషీలు, షేకులు ఇట్లా పద్నాలుగు వర్గాలున్నాయనీ, సయ్యద్‌లూ పఠాన్‌లూ లేరనీ ఆయన చెప్పబోయాడు. టైమైపోయింది. గంట కొట్టారు.

సిస్టరమ్మని మహిళా దినోత్సవానికి పిలుస్తారు. టాపిక్ బురఖా. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తక్షణ తలాక్ చెల్లదన్నాక తలాక్. ఆమె ఏనాడూ బురఖా వెయ్యలేదు, తెల్లచీర కట్టుకుని సైకిల్ తొక్కింది. 1995లో పల్స్ పోలియో మొదలైన నాటి నుంచి ఐస్ డబ్బా భుజాన వేసుకుని తిరిగింది. రోటరీ 1985 నుంచీ పోలియో మీద పనిచేసింది. చుక్కలు వేయించడంలో ఈ క్లబ్బులన్నీ కష్టపడ్డాయి, అది ఎవరూ కాదనలేరు. ఉత్తరప్రదేశ్‌లో కొన్నిచోట్ల ముస్లింలు చుక్కలు వద్దంటున్నారని పేపర్లో వచ్చినప్పుడు మాత్రం ఆమెని పిలిచి, "మీవాళ్లకి నచ్చజెప్పండమ్మా" అన్నారు. మా వీధిలో ఒక్క ఇల్లు వద్దన్లేదు. ఆమె చెప్పాలనుకున్నది ఆ చిన్న సీసా మీద ఉండే గుర్తు గురించి. ఒక వలయం, దాని లోపల చదరం. లోపలి చదరం బయటి వలయం కన్నా లేతగా ఉంటేనే మందు పనికొస్తుంది. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది, వలయంతో సమానమైతే పారెయ్యాలి. కరెంటు పోయిన రాత్రి పీహెచ్‌సీలో ఐస్ కరిగిపోతుంటే ఆ చదరం వంక చూస్తూ కూచోవడం ఎట్లా ఉంటుందో చెప్పాలనుకుంది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, 2014 మార్చి 27న పోలియో పోయిందని సర్టిఫికెట్ వచ్చింది. ఆ వారం కూడా క్లబ్బులో ఆమె మాట్లాడింది ఇస్లాంలో స్త్రీ గురించి. ఇస్లాం ఆడవాళ్లని వెనక్కి నెట్టిందని ఒకాయన అంటే ఆమె మర్యాదగా ఊరుకుంది. మేం ఊరుకోం, ఇక్కడ రాస్తాం: రోటరీ తన నియమావళిలో ఆడవాళ్లకి చోటిచ్చింది 1989లో, అదీ 1987లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక. ఆయన ఆ మాట అంటున్నప్పుడు ఆయన భార్య వెనక వరసలో టిఫిన్ ప్లేట్లు లెక్కపెడుతోంది.

ఇన్ని చెప్తున్నారు, మరి మానెయ్యొచ్చు గదా అంటారు. మాలో మాకే ఇది తెగలేదు. దర్జీ మాట ఒకటే: "పిలిచే ఆ ఒక్క కుర్చీ కూడా ఖాళీ చేస్తే అందులో ఎవడు కూచుంటాడో తెలుసా? మన గురించి మనం కాక ఇంకెవరో చెప్తారు." వాట్సాప్‌లో మా గురించి ఎవరెవరు ఏమేం చెప్తున్నారో చూస్తే ఆయన మాట కొట్టెయ్యలేం. మెకానిక్కుది ఇంకో దారి: "మన గురించి మనం చెప్పుకోవడం ఎన్నాళ్లు? నేను ముస్లింనని రోజూ రుజువు చేసుకోను. మంచి ముస్లింనని మాత్రం ఎందుకు చేసుకోవాలి?"

2019 మేలో ఆయన వంతొచ్చింది. రోళ్లు పగిలే ఎండ. టాపిక్ 'ఇస్లాం - శాంతి సందేశం'. ఆయన బిస్మిల్లా అని మొదలుపెట్టి, సంచిలోంచి ఒక కాలిపోయిన రాగి చుట్ట తీసి బల్ల మీద పెట్టాడు. నల్లగా, వార్నిషు మాడి, కమురు వాసన కొడుతోంది. "ఇది నిన్న మీలో ఒకరి చేలోంచి వచ్చింది" అన్నాడు. ముందు వరస నవ్వింది. అప్పుడు చెప్పాడు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు ఆగదు, మిగతా రెండింటి మీద ఈడుస్తూనే ఉంటుంది, మామూలు కన్నా ఎక్కువ కరెంటు లాగి లోపల చుట్ట కాలిపోతుంది. 2004 మేలో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది, మంచిదే, కానీ అర్ధరాత్రి ఎప్పుడిస్తారో తెలియక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే ఆ లైను మీది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలు కన్నా ఐదారు రెట్లు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు. కెపాసిటర్ పెట్టుకోమని ప్రభుత్వమే చెప్పింది, బిగించినవాళ్లెందరు? రీవైండింగ్‌కి వస్తే, వంద తగ్గించమని మీరు బేరమాడితే ఒకడు చుట్లు తగ్గిస్తాడు, ఒకడు సన్న తీగ వేస్తాడు, మళ్లీ పంటకి మళ్లీ కాలుతుంది.

ఎవరూ వాచీ చూసుకోలేదు. విత్తనాల కొట్టాయన, రైస్ మిల్లాయన, ఎనభై ఎకరాల మామిడితోట ఆయన, అందరూ ప్రశ్నలే. ఫేజు పోయినప్పుడు మోటారుని ఆపే రిలే ఎంతవుతుంది? నా మోటారు మూలుగుతోంది, ఎందుకు? మీటింగు ముప్పావుగంట ఎక్కువ నడిచింది. ఆ హాల్లో మాలో ఒకరితో వాళ్లు వాదించడం అదే మొదటిసారి. "కాదు భాయ్, నువ్వు చెప్పేది తప్పు" అని ఒకాయన గట్టిగా అన్నాడు. మా మీద జాలి లేకుండా, గౌరవం నటించకుండా, ఒక పనివాడి మాటని ఇంకొకడు కాదన్నాడు. మాకెంత బాగుందో చెప్పలేం.

అప్పుడు వందన సమర్పణ. చేసేది ఒక కుర్రాడు, కాగితం ముందే రాసుకొచ్చాడు. ఇస్లాం శాంతి సందేశాన్ని, ఉపవాసాల పవిత్రతని హృద్యంగా వివరించిన ముస్లిం సోదరుడికి కృతజ్ఞతలు అని చదివాడు. కాలిపోయిన చుట్ట ఇంకా బల్ల మీదే ఉంది. ఎవరూ నవ్వలేదు. మర్నాడు పేపర్ జిల్లా ఎడిషన్లో ఫోటో పడింది. కింద అదే వాక్యం.

మరుసటి ఏడు రంజాన్ ఏప్రిల్ చివర వచ్చింది. 2020. లాక్‌డౌన్. ఢిల్లీ మర్కజ్ వార్త టీవీలో రోజంతా తిరుగుతోంది. మా కూరగాయల బండ్ల వాళ్లని కొన్ని వీధుల్లోకి రానివ్వలేదు. మా వీధి చివర ఎవరో కర్రలు అడ్డం కట్టారు. ఇరవై ఏడేళ్లు సామరస్యం గురించి విన్న క్లబ్బులోంచి, ఇది తప్పని ఊళ్లో ఒక్కరు గట్టిగా అంటారేమోనని చూశాం. అన్నం పొట్లాలు పంచారు, మా వీధికీ పంచారు. మాట మాత్రం పంచలేదు. ఇద్దరు ఫోన్ చేసి, "మీలో ఎవరైనా ఢిల్లీ వెళ్లొచ్చారా?" అని అడిగారు.

వ్యవసాయ యంత్రాల రిపేర్లకి సడలింపు ఇచ్చిన రోజుల్లో మామిడితోట ఆయన మాత్రం స్వయంగా మా వీధిలోకి వచ్చాడు. కర్రలు దాటి, మూతికి తువ్వాలు కట్టుకుని, వెనక ఆటోలో మోటారు వేసుకుని. ప్రేమతో వచ్చాడని మేం అనం. తోట ఎండిపోతోంది గనక వచ్చాడు. రీవైండింగ్ అయ్యేదాకా షాపు ముందు స్టూలు మీద రెండు గంటలు కూచున్నాడు. "ఈసారి చుట్లు తగ్గించకు" అన్నాడు. "తగ్గించను, మీరు బేరమాడకండి" అన్నాడు మెకానిక్కు. ఊరంతా మమ్మల్ని తప్పించుకుని తిరిగిన ఆ నెలలో మా వీధిలో బయటి మనిషి కూచున్న స్టూలు అదొక్కటే.

ఈ ఏడు సెక్రటరీ కొత్తాయన, కుర్రాడు. దర్జీ దగ్గరికి వెళ్లాడు. వెళ్లాలని ఎప్పుడూ వాదించే దర్జీయే ఈసారి తల అడ్డంగా ఊపాడు. "రంజాన్ నెలలో నాకు ఊపిరి తీసుకునే తీరికుండదు సార్. ఊళ్లో సాయిబులందరి పండగ బట్టలూ నా మెడ మీదే ఉంటాయి. సెహ్రీ దాకా మిషను తొక్కుతా. ఇన్నేళ్లుగా పిలుస్తున్నారు, ఈ సంగతి మీకు తెలీదా?" అన్నాడు. సెక్రటరీకి తెలీదు. పండగయ్యాక పిలిస్తే వస్తానన్నాడు దర్జీ. కోటు ఎట్లా కొయ్యాలో, ఒక భుజం వాలినవాడికి ఆ వంపు కనపడకుండా ఎట్లా కుట్టాలో చెప్తానన్నాడు. "చూద్దాం భాయ్, కమిటీలో అడగాలి" అన్నాడు ఆ అబ్బాయి. జులై ఒకటి నుంచి క్లబ్బుకి కొత్త సంవత్సరం, కొత్త కోటు కావాలి. వచ్చాడు గనక కొలతలిచ్చి వెళ్తానన్నాడు. దర్జీ టేపు తీసి ఛాతీ చుట్టూ వేశాడు.

"ఊపిరి బిగబట్టకండి సార్. మామూలుగా నిలబడండి."